కొలువు తీరిన ఇల్లు: బెంగళూరు అద్దె ఫ్లాట్‌ను నిండుగా అలంకరించుకునే పద్ధతి

బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో పెరిగినవారికి ఇంటిని నిండుగా అలంకరించే మాగ్జిమలిజం గురించి వేరుగా పాఠం చెప్పనక్కరలేదు. సంక్రాంతికో దసరాకో మూడు, ఐదు, ఏడు అంటూ బేసి సంఖ్యలో మెట్లు కట్టి, కొండపల్లి అంబారీ పక్కన ప్లాస్టిక్ క్రికెట్ జట్టును, దశావతారాల కింద శెట్టిగారి కొట్టును నిలబెట్టి, వంద బొమ్మలను ఒకే గదిలో కూర్చినా చూసేవారికి అది చిందరవందరగా తోచదు. దానికి కారణం బొమ్మల్లో వెతికితే దొరకదు, వాటి కింద చూడాలి. మెట్లన్నిటి మీదా ఒకే తెల్ల పంచె పరుస్తారు, దేవతలను పై మెట్ల మీద, సంతలనూ పెళ్లి ఊరేగింపులనూ కింది మెట్ల మీద పెడతారు, కొలువు ముందు కొంత నేలను ఖాళీగా వదిలి ముగ్గు వేస్తారు. ఇంటిని నిండుగా అలంకరించదలచినవారు మొదట నేర్చుకోవలసింది ఈ పంచె పరిచే పనినే. బొమ్మలు కొనడం ఆ తరువాతి సంగతి.

మాగ్జిమలిజం అన్న పేరు విదేశాలది. గోడలు తెల్లగా, బల్లలు బోసిగా, వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండాలన్న మినిమలిజానికి ఎదురుగా నిలిచిన శైలి ఇది. రంగు పక్కన రంగు, అచ్చు పక్కన అచ్చు, నేత పక్కన నేత చేరి, ఇంట్లోవారు ఎక్కడెక్కడ తిరిగారో, దేనిని ఇష్టపడి తెచ్చుకున్నారో గోడలే చెప్పాలన్నది దీని పట్టుదల. పేరు వారిదైనా సరుకు మాత్రం చాలాకాలం మనదే. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం మొదలైన కోరమాండల్ రేవుల నుంచి ఓడలకెక్కిన పూల అద్దకపు బట్టలు ఐరోపా ఇళ్ల మంచాలనూ పరదాలనూ ఎంతగా ఆక్రమించాయంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను, మళ్లీ 1721లోను వాటిని కట్టడి చేస్తూ చట్టాలు చేసుకున్నాయి. కాబట్టి కలంకారీ పరదా ముందు నిలబడి ‘ఇది మరీ ఎక్కువైందేమో’ అని తెలుగువారు జంకవలసిన పనిలేదు.

పంచె పరచడం

తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే మారతహళ్లి, కె.ఆర్.పురం, బి.టి.ఎం. లేఅవుట్ వంటి చోట్ల అద్దె ఫ్లాట్లు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. మీగడ రంగు గోడలు, దీపం వెలుగును తిరిగి కంట్లో కొట్టే మీగడ రంగు టైల్స్, నెత్తిమీద తెల్లని ట్యూబులైటు. ఈ నేపథ్యం మీద ఎన్ని రంగుల వస్తువులు పెట్టినా అవి దుకాణం అరలో ఉన్నట్టే ఉంటాయి తప్ప ఇంట్లో ఉన్నట్టు ఉండవు. అందుచేత కొత్తగా ఒక్క వస్తువు కూడా కొనకముందు, ఒక ఆదివారం ఉదయం, పెళ్లినాటి ఇత్తడి బిందె, యాత్రల్లో కొన్న బొమ్మలు, బీరువా అడుగున మడతలు పడిన చీరలు, అటక మీది పటాలు, ఇలా ఇంట్లో ఉన్నవన్నీ హాలు నడుమ పాత దుప్పటి మీద పరిచి, వాటిలో ఏ రంగు ఎక్కువసార్లు కనబడుతున్నదో చూడండి. మన ఇళ్లలో సాధారణంగా కుంకుమ ఎరుపో, ఇత్తడి పసుపో, చిలకపచ్చో, నెమలికంఠం రంగో బయటపడుతుంది. తెలియకుండానే మీరు ఏళ్లుగా కూడబెట్టిన ఆ రంగే మీ ఇంటికి పంచె.

ఆ రంగు ప్రతి గదిలోనూ కనీసం మూడు చోట్ల, మూడు వేర్వేరు ఎత్తుల్లో కనబడాలి. నేల మీద ఒక జంపఖానాలో, సోఫా మీది దిండులో, నిలబడినవారి కంటి ఎత్తులో ఒక పటం అంచులో ఉంటే చాలు, మధ్యలో ఎన్ని ఇతర రంగులు వచ్చినా కన్ను తడబడదు. దానికి తోడుగా మరో మూడు నాలుగు రంగులను పిలవవచ్చు. అంతకు మించితే ప్రతి రంగూ పెత్తనానికి దిగుతుంది.

గోడకు రంగు వేయించే అవకాశం ఉంటే హాలులో ఒక్క గోడకు, అది కూడా తలుపు తీయగానే ఎదురుగా కనబడే గోడకు వేయించడం మంచిది. పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల ఎత్తు ఉన్న గోడ అంటే 90 చదరపు అడుగులు. పుట్టీ పెట్టిన నున్నని గోడ మీద మంచి ఎమల్షన్ లీటరుకు రెండు పూతలుగా సుమారు 60 నుంచి 70 చదరపు అడుగులు వస్తుంది గనుక, రెండు లీటరు డబ్బాలు తెచ్చుకుంటే సరిపోతుంది. ముదురు ఎరుపు, ముదురు నీలం వంటి రంగులు మాత్రం తరచూ మూడో పూత అడుగుతాయి. దుకాణంలో చూపించే అగ్గిపెట్టెంత నమూనా ముక్కను చూసి ఎప్పుడూ నిర్ణయించవద్దు. చిన్న డబ్బా తెచ్చి రెండడుగుల చదరం గోడ మీద పూసి, ఉదయం ఎండలో ఒకసారి, మబ్బు పట్టిన మధ్యాహ్నం ఒకసారి, రాత్రి దీపాల కింద ఒకసారి చూడండి. ఇంటి యజమాని అనుమతిని నోటిమాటగా వదిలేయక వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకోవాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు ఖర్చు పేరిట ఒక నెల అద్దెను అడ్వాన్సులో కోసుకోవడం ఈ నగరంలో రివాజు. ఎలాగూ తప్పని ఆ కోతకు బదులుగా రెండు మూడేళ్లు ఒక మంచి గోడను చూసుకోవడంలో నష్టమేమీ కనబడదు.

యజమాని ఒప్పుకోకపోతే పంచె నిజంగానే బట్ట అవుతుంది. పెడన అచ్చు కలంకారీ పరదాలను కిటికీ చట్రానికి ఆరేడు అంగుళాల పైన కడ్డీ బిగించి, నేలను తాకేంత పొడవున వేస్తే గోడలో మూడో వంతు దానికదే కప్పబడుతుంది. మెరిసే టైల్స్ మీద వరంగల్ జంపఖానా గాని ఏలూరు తివాచీ గాని వేసేటప్పుడు చాలామంది పొదుపుకు పోయి టీపాయి కింద మాత్రమే సరిపోయే ముక్క కొంటారు. అది గది మధ్యలో తపాలా బిళ్ల అంటించినట్టు ఉంటుంది. సోఫా ముందుకాళ్లు రెండూ దాని మీదికి రావాలి. ఆ కొలతకు డబ్బు చాలకపోతే రెండు చిన్న జంపఖానాలను పక్కపక్కన వేసి అంచులు కలిపి కుట్టించుకోవచ్చు.

అచ్చుల పొత్తు

భయపడేవారు ఎక్కువగా భయపడేది ఇక్కడే: పోచంపల్లి ఇక్కత్ మీద కలంకారీ తీగ, దాని పక్కన నారాయణపేట గళ్లు ఉంటే కళ్లు తిరగవా? అచ్చుల పరిమాణాలు ఒకటే అయితే తిరుగుతాయి. ఒకటి అరచేతికంటే పెద్దదిగా, ఒకటి రూపాయి బిళ్లంత, ఒకటి మిరియపు గింజంత ఉన్నప్పుడు కన్ను ముందుగా పెద్దదానిని పట్టుకొని, తరువాత మిగిలినవాటి దగ్గరికి తాపీగా వెళుతుంది. మూడింటిలోనూ మీ పంచె రంగు ఎంతో కొంత ఉండేలా చూసుకుంటే పొత్తు కుదిరినట్టే. దుకాణంలో తేల్చుకోలేనప్పుడు ఫోనులో ఫోటో తీసి నలుపు తెలుపుగా మార్చి చూడండి. మూడు బట్టలూ ఒకే బూడిద రంగు ముద్దగా కనబడితే వాటిలో ఒకటి లేతదిగానో ముదురుదిగానో మార్చాలి.

ఈ శైలికి తెలుగింటి బీరువాకు మించిన గోదాము లేదు. ఒడలు చిరిగినా అంచూ కొంగూ గట్టిగా ఉన్న ధర్మవరం, గద్వాల చీరలు ప్రతి ఇంట్లోనూ ఒకటో రెండో ఉంటాయి. అంచును జాగ్రత్తగా విప్పి మామూలు ముతక నూలు పరదా అడుగున కుట్టించినా, కొంగును చట్రం కట్టించినా గదికి కొత్త నిండుదనం వస్తుంది. చట్రం కట్టించేటప్పుడు అద్దం పట్టుకు నేరుగా తగలకుండా మధ్యలో సందు ఉంచమని పనివారికి గట్టిగా చెప్పాలి. లేకపోతే వర్షాకాలపు చెమ్మకు పట్టు అద్దానికి అంటుకుపోతుంది. కత్తెర పట్టుకునే ముందు అది ఎవరి చీరో వారిని అడగడం మరిచిపోకండి. అత్తగారి మధుపర్కాల చీర దిండు గలీబుగా మారిన సంగతి ఆమెకు దీపావళికి వచ్చినప్పుడు తెలియడం ఏ అలంకరణకూ శోభ కాదు.

గోడ

పాత పెంకుటిళ్ల వసారాల్లో పటాలను చూరు కింద వరుసగా, కొద్దిగా ముందుకు వాల్చి కట్టేవారు. దేవుళ్లు, తాతలు, గాంధీగారు, పెళ్లి ఫోటో, సబ్బు కంపెనీ క్యాలెండరు అన్నీ ఆ ఒక్క వరుసలో ఇమిడేవి. ఇప్పటి ఫ్లాట్లలో పైకప్పు తక్కువ గనుక వరుస కంటే గుంపు బాగుంటుంది. గుంపు కట్టేటప్పుడు గోడ దగ్గర మొదలుపెట్టకూడదు. పటాలన్నిటినీ నేల మీద పేర్చి, అన్నిటికంటే పెద్దదానిని నట్టనడుమ కాక కొంచెం ఎడమకో కుడికో ఉంచి, మిగిలినవాటిని దాని చుట్టూ రెండు మూడు అంగుళాల ఎడంతో చేర్చండి. అమరిక నచ్చాక ప్రతి పటం కొలతకూ పాత దినపత్రిక కత్తిరించి, దాని మీద సంఖ్య వేసి, మేకు వచ్చే చోట చుక్క పెట్టి, రంగు ఊడదీయని మాస్కింగ్ టేపుతో గోడకు అంటించి రెండు రోజులు అలాగే వదిలేయండి. గుంపు మధ్యభాగం నేల నుంచి సుమారు 57 అంగుళాల ఎత్తున రావాలి. సోఫా వెనుక గోడ అయితే సోఫా వీపుకూ కింది పటానికీ ఆరు నుంచి ఎనిమిది అంగుళాల సందు చాలు. చట్రాలను రెండు రకాలకు మించనీయకపోతే, లోపల చేర్యాల బొమ్మ ఉన్నా, పిల్లవాడు గీసిన రైలు ఉన్నా గోడ ఒకటిగానే కనబడుతుంది.

ఇటీవలి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడలు ఉంటాయి. వీటిని మైవాన్ గోడలంటారు. వీటిలో సుత్తితో మేకు దిగదు, హ్యామర్ డ్రిల్లు ఉన్న పనివాడిని పిలిపించి ప్లగ్గులు వేయించాలి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా తొలిపించకండి, వైర్ల గొట్టాలు సాధారణంగా ఆ దారినే వెళతాయి. తొలవడానికి అనుమతి లేనివారు అతికించే పట్టీలను వాడవచ్చు గాని, అవి డిస్టెంపరు గోడ మీద నిలబడవు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. అట్ట మీద రాసిన బరువుకు లోబడే తగిలించాను కదా అన్న ధీమాతో మా హాలులో చిన్న అర ఒకటి పట్టీలతో నిలబెడితే, జూలై చెమ్మకు మూడోనాడు రాత్రి అది సున్నపు పొరతో సహా ఊడివచ్చింది, కొండపల్లి ఏనుగు తొండం రెండు ముక్కలైంది. అప్పటినుంచి విరిగితే బాధపడే ఏ వస్తువునూ జిగురుకు అప్పగించడం లేదు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలుతో చేసే తోలుబొమ్మలు గోడకు ఆనించి కట్టవలసినవి కావు. వాటి తోలు కాంతిని తన గుండా పోనిస్తుంది గనుక వెనుక ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టినప్పుడే ఆ ఎరుపులూ పచ్చలూ ప్రాణం పోసుకుంటాయి. దానికి విరుద్ధంగా, సహజ రంగుల శ్రీకాళహస్తి కలంకారీని పడమటి ఎండ పడే గోడ మీద వేలాడదీస్తే కొన్ని వేసవులకే వెలిసిపోతుంది.

అరలు, ముగ్గు చోటు

వస్తువులను అరల్లో ఎలా పేర్చాలన్నది కొలువు చూసినవారికి తెలిసిందే. ఎత్తైనవి వెనుక, పొట్టివి ముందు, ఒకే జాతివి ఒకచోట, ఒక్కో గుంపులో మూడో ఐదో ఉండాలి. మైసూరు రోడ్డు మీద సుమారు 60 కిలోమీటర్ల దూరాన ఉన్న చన్నపట్న బొమ్మలనూ మన ఏటికొప్పాక బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కన్నడంలో ఆలె మర అనీ, మన దగ్గర అంకుడు కర్ర అనీ పిలిచే ఒకే చెట్టు కొయ్యను తరిణె పట్టి, లక్క రంగు పూసి చేసినవే గనుక రెండు రాష్ట్రాల బొమ్మలు అన్నదమ్ముల్లా కలిసిపోతాయి. ఇత్తడి వస్తువులు ఐదారు ఉంటే ఇంటినిండా చెదరగొట్టక ఒకే పళ్లెంలో గుంపుగా పెట్టాలి. ఒంటరి ఇత్తడి చెంబు మరిచిపోయి వదిలేసిన వస్తువులా ఉంటుంది, ఐదు చెంబులు ఉద్దేశపూర్వకంగా కనబడతాయి.

ఇంతా చేసిన తరువాత ప్రతి గదిలోనూ ఒక చోటును కావాలని ఖాళీగా వదలండి. కొలువు ముందు ముగ్గు వేసే నేలకు ఇది సమానం. ఒక గోడలో సగం కావచ్చు, భోజనబల్ల పైభాగం కావచ్చు, మంచం ఎదుటి గోడ కావచ్చు. ముఖ్యంగా పడకగదిలో పడుకున్న మనిషి కళ్లు తెరవగానే చూసే చోట ఏమీ లేకపోవడమే మేలు. ఈ మాట ఒప్పుకోని మాగ్జిమలిస్టులు ఉన్నారు, వారు పైకప్పుకు కూడా వాల్‌పేపరు అంటిస్తారు. రెండు గదుల ఫ్లాట్‌లో నలుగురు మనుషులూ ఒక వంటింటి మిక్సీ మోతా ఉన్నప్పుడు కంటికి కాస్త విశ్రాంతి అవసరమని నా అభిప్రాయం.

దీపాల విషయంలో మొహమాటం వద్దు, నడినెత్తి మీది 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటు ఎంత మంచి ఎరుపునైనా పాలిపోయేలా చేస్తుంది. చదువుకోవడానికి దానిని ఉంచి, సాయంత్రాలకు 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య ఉండే పసుపు వెలుగు బల్బులతో నేల దగ్గర ఒకటి, బల్ల ఎత్తున ఒకటి, గోడ మీద ఒకటి పెట్టుకోండి. డబ్బా మీద సి.ఆర్.ఐ. (దీపం రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సంఖ్య) 90 లేదా అంతకు ఎక్కువ అని ఉన్నవి కొంటే బట్టల రంగులు ఉన్నవి ఉన్నట్టుగా కనబడతాయి.

ఎక్కడ వెతకాలి

బట్టలకు చిక్కపేట, పాత పుస్తకాలకు అవెన్యూ రోడ్డు చాలు. బి.వి.కె. అయ్యంగార్ రోడ్డు పరిసరాల్లో జరిగే ఆదివారం సంతలో పాత ఇత్తడి, గడియారాలు, చట్రాలు దొరుకుతాయి గాని తెల్లవారగానే వెళ్లాలి, బేరమాడే ఓపిక ఉండాలి. జనవరిలో ఒక ఆదివారం కర్ణాటక చిత్రకళా పరిషత్తు కుమారకృప రోడ్డు పొడవునా నిర్వహించే చిత్రసంతలో చిత్రకారుల నుంచే నేరుగా బొమ్మలు కొనవచ్చు. సాయంత్రం సర్దుకునే వేళకు ధరలు కొంత దిగుతాయి, మంచివి మాత్రం అప్పటికి మిగలవు. మొక్కలకు లాల్‌బాగ్ పక్కన సిద్దాపుర నర్సరీలు ఉన్నాయి. అన్నీ ఒకే రోజు, ఒకే దుకాణంలో కొని తెచ్చిన ఇల్లు హోటల్ వసారాలా ఉంటుంది. నెలకు ఒకటి రెండు వస్తువులకు మించి ఇంట్లోకి రానీయకపోతే, వచ్చిన ప్రతిదానికీ ఒక చోటు ఆలోచించే తీరిక దొరుకుతుంది.

దుమ్ము

ఈ నగరంలో నిర్మాణాలు ఆగవు, ఎర్రదుమ్ము ఆగదు. నిండు ఇంటికి అసలు ఖర్చు కొనేటప్పుడు కాదు, తుడిచేటప్పుడు తెలుస్తుంది. రెండు వందల బొమ్మలు తుడిచే పనిని అదే జీతానికి పనిమనిషి నెత్తిన వేయడం న్యాయం కాదు. చిన్న వస్తువులన్నిటినీ అద్దాల తలుపులున్న బీరువాలో పెట్టి, బయట ఉంచేవాటిని మీరే వారానికి ఒక గంటలో తుడవగలిగినన్ని మాత్రమే ఉంచుకోండి. లక్క బొమ్మలకు పొడిగుడ్డ చాలు, నీళ్లు తగలనీయకూడదు. ఎండ పడే కిటికీలోనో, ఆపి ఉన్న కారులోనో వదిలితే లక్క మెత్తబడుతుంది. ఇత్తడిని చింతపండుతో తోమవచ్చు. అదే చేత్తో బిద్రీ కూజాను కూడా తోమితే, బీదర్ కోట మట్టితో తెప్పించిన ఆ నలుపు పోయి వెండి పొదుగు బోసిపోతుంది. దానికి మెత్తని గుడ్డతో కొబ్బరినూనె రాస్తే సరిపోతుంది. బయటి గోడకు ఉన్న పటాల వెనుక నాలుగు మూలలా చిన్న కార్కు బిళ్లలు అంటిస్తే గాలి ఆడి, వానాకాలంలో బూజు పట్టదు.

కొలువు ముగిసిన రోజున ఒక బొమ్మను పడుకోబెట్టి, మరునాడు అన్నిటినీ పాత నూలుబట్టల్లో చుట్టి పెట్టెకెక్కిస్తారు కదా, ఇంటి వస్తువుల్లో కూడా మూడో వంతును ఎప్పుడూ అలా పెట్టెలో నిద్రపోనివ్వండి. ఉగాదికీ దసరాకూ లోపలివి బయటికి, బయటివి లోపలికి మార్చితే డబ్బు ఖర్చు లేకుండానే ఏడాదికి రెండుసార్లు ఇల్లు కొత్తదవుతుంది. పట్టుబట్టలను ప్రతిసారీ పాత మడత మీద కాక కొత్త మడతలో పెట్టాలి. పెట్టె మూత లోపల ఏ వస్తువు ఏ అరలో ఉండేదో ఫోటో ముద్రించి అంటించుకోండి. పటాల కొలతలకు కత్తిరించి సంఖ్యలు వేసిన ఆ దినపత్రిక ముక్కలను కూడా పారేయకుండా చుట్టచుట్టి అదే పెట్టెలో దాచండి. పదకొండు నెలల ఒప్పందం తీరి మరో ఇంటికి మారవలసి వచ్చినప్పుడు, సామాను లారీ దిగిన సాయంత్రమే ఆ ముక్కలను కొత్త గోడ మీద అంటించి, ఏ పటం ఎక్కడికో కుటుంబమంతా కూర్చుని తేల్చుకోవచ్చు.